ఓదారిస్తే పిల్లలు బలహీనులవుతారా?

"ఏడిస్తే ఓదార్చకండి. గొడవలు వాళ్లనే తేల్చుకోనివ్వండి. పదమూడేళ్లు దాటాక పిల్లలకు మీ అవసరం ఉండదు. ఇలా పెంచితేనే సొంత కాళ్ల మీద నిలబడతారు." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సలహా ఇది. వినడానికి బాగుంది కానీ దీంట్లో చాలావరకు తప్పే.

మొదట ఓదార్పు సంగతి. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఏడాది వయసు పిల్లల్ని తల్లితో కొత్త గదిలోకి పంపి గమనించారు. తల్లి మీద భరోసా ఉన్న పిల్లలు ఆమె కొంగు పట్టుకుని కూర్చోలేదు. బొమ్మల దగ్గరికి వెళ్లి ఆడుకున్నారు. తల్లి కాసేపు బయటికెళ్తే చాలామంది ఏడ్చారు, తిరిగొచ్చాక ఊరడిల్లి మళ్లీ ఆటలో పడ్డారు. భయమేస్తే వెనక్కి వచ్చే చోటు ఉందన్న ధైర్యంతోనే పిల్లలు దూరం వెళ్తారు. ఆ మెసేజ్ దీన్నే తలకిందులు చేసింది. ఓదార్చడం వేరు, అడిగిందల్లా ఇవ్వడం వేరు. "కోపం వచ్చింది కదూ" అంటూనే చాక్లెట్‌కి "వద్దు" అనొచ్చు.

గొడవల విషయంలో కొంత నిజముంది. ప్రతి చిన్నదానికీ పెద్దవాళ్లు తీర్పు చెప్పనక్కర్లేదు. అయితే మూడేళ్ల పిల్లాడికి తన బాధ చెప్పడానికి మాటలే చాలవు, వాడేం తేల్చుకుంటాడు? పదేళ్ల పిల్లని స్నేహితులు ఆటలో కలుపుకోలేదనుకోండి, వెంటనే అవతలి వాళ్లమ్మకి ఫోన్ చేయకుండా "రేపు వాళ్లతో ఏమందామనుకుంటున్నావు?" అని అడిగితే దారి ఆ పిల్లే వెతుక్కుంటుంది. రోజూ ఒకరినే అందరూ కలిసి ఏడిపిస్తుంటే మాత్రం అది గొడవ కాదు, వేధింపు. అక్కడ పెద్దవాళ్లు కలగజేసుకోవాల్సిందే.

ఇక పదమూడేళ్ల లెక్క ఎక్కడిదో! ఆవేశాన్ని అదుపు చేసే, ముందుచూపునిచ్చే మెదడు ముందుభాగం ఎదగడం ఇరవై దాటాక కూడా సాగుతూనే ఉంటుంది. పైగా 2005లో వెలువడిన ఒక పెద్ద అమెరికా సర్వే ప్రకారం, మానసిక సమస్యల్లో దాదాపు సగం 14 ఏళ్లలోపే మొదలవుతాయి. అంటే మన అవసరం లేదని ఆ మెసేజ్ చెప్పే వయసు వచ్చేసరికే ఈ సమస్యల్లో చాలా మొదలై ఉంటాయన్నమాట. టీనేజ్ పిల్లలు గది తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి, తట్టి లోపలికెళ్లండి. నిద్ర, తిండి, స్నేహాలు వారాల తరబడి దెబ్బతింటుంటే "వయసు ప్రభావంలే" అని వదిలేయకుండా డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చూపించండి.