పొట్టేలుకు కాండక్ట్ సర్టిఫికెట్

"జంతువులు కూడా ఇట్లాంటి పని చెయ్యవు."

ఈ మాట అనడానికి రెండు అర్హతలు ఉండాలి. ఒకటి, జీవితంలో ఏ జంతువునూ పట్టుమని పది నిమిషాలు చూసి ఉండకూడదు. రెండు, రిటైరై ఉండాలి. హన్మకొండలో ఈ రెండూ ఉన్నవాళ్లకు కొదవ లేదు. భద్రకాళి బండ్ మీద పొద్దున్నే నడిచే ఒక బ్యాచ్‌కు పెద్దదిక్కు అయిన మా సారు వాళ్లలో అగ్రగణ్యుడు. పేపర్లో స్వలింగ జంటల వార్త ఏది వచ్చినా సరే, పేపర్ నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకుని, ఈ మాట అనేసి, బీపీ గోళీ వేసుకుంటాడు. జంతువులతో సారుకు ఉన్న పరిచయమంతా ఆదివారం మటన్ షాపు దగ్గర జరిగిందే. అక్కడ కూడా తొడ ముక్కలు, నల్లి బొక్కలు తప్ప గొర్రె తాలూకు మిగతా విషయాల మీద ఆయన ఎన్నడూ ఆసక్తి చూపలేదు.

సారు సాక్షిగా పిలిచింది జంతువులను కాబట్టి, వాటి వాంగ్మూలం కూడా విందాం.

అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని డుబోయిస్ అనే ఊరి దగ్గర ప్రభుత్వ గొర్రెల పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడివాళ్లకు వచ్చిన సమస్య ప్రేమ గురించి కాదు, పైసల గురించి. మంచి జాతి పొట్టేలును కొని మందలో వదిలితే, కొన్ని పొట్టేళ్లు ఆడ గొర్రెల వైపు కన్నెత్తి చూడటం లేదు. రోగమా అంటే లేదు, బలం లేదా అంటే దివ్యంగా ఉంది. సరే అని పరీక్ష పెట్టారు. ఎదకు వచ్చిన గొర్రెలను రెండింటిని, పొట్టేళ్లను రెండింటిని కట్టేసి, నడుమ ఒక పొట్టేలును వదిలి, ఎటు పోతుందో చూశారు. నూటికి ఎనిమిది దాకా పొట్టేళ్లు ప్రతిసారీ పొట్టేళ్ల వైపే పోయాయి.

ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లోని హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీలో చార్లెస్ రోసెల్లి అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇది ఎందుకని అడిగారు. మొత్తం 27 జీవాల మెదళ్లు కోసి చూశారు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట, ముందు భాగంలో ఉండే ఒక చిన్న కణాల గుంపు, గొర్రెలను కోరే పొట్టేళ్లలో పెద్దగా, పొట్టేళ్లను కోరే పొట్టేళ్లలో దాదాపు సగం సైజులో ఉంది. 2004లో ఇది అచ్చయింది. అంటే ఆ పొట్టేలు చెడు సావాసాలు పట్టలేదు, సినిమాలు చూడలేదు, హైదరాబాద్ హాస్టల్లో ఉండలేదు.

ఇక 2006లో మొదలైంది అసలు జాతర. రోసెల్లి పొట్టేళ్లకు 'వైద్యం' చేసి, రేపు అదే సూది మనుషులకు గుచ్చుతాడని జంతువుల హక్కుల కోసం కొట్లాడే పెటా సంస్థ గగ్గోలు పెట్టింది. టెన్నిస్ రాణి మార్టినా నవ్రతిలోవా యూనివర్సిటీ పెద్దలకు ఉత్తరం రాసింది. లండన్ పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఉత్తరాలు, ఈమెయిళ్లు వేలకు వేలు. అందులో శాపనార్థాలూ ఉన్నాయి. నేను మార్చేది ఏమీ లేదు బాబోయ్, తెలుసుకోవడమే నా పని అని రోసెల్లి మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. అయితే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు విప్పిన అలన్ ట్యూరింగ్‌కు, స్వలింగ సంపర్కుడని, 1952లో బ్రిటన్ 'చికిత్స' పేరుతో హార్మోన్లు ఎక్కించింది. రెండేళ్లకు ఆయన చనిపోయాడు. కాబట్టి భయపడ్డవాళ్లను చూసి నేను నవ్వను. ఒక్క విషయానికే నవ్వొస్తుంది. అంత గొడవలోనూ పొట్టేలు ఎవరి దారికీ అడ్డం రాలేదు, ఎవరి పెళ్లీ చెడగొట్టలేదు. గడ్డి తింటూ నిలబడింది, అంతే.

ఇప్పుడు మన ఓరుగల్లుకు వద్దాం. 2017 జూన్‌లో మన సర్కారు గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. యూనిట్ అంటే 20 గొర్రెలు, 1 పొట్టేలు. అప్పటి ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. ఐడహో లెక్కే మన దగ్గరా నడిస్తే పన్నెండు, పదమూడు యూనిట్లకు ఒక పొట్టేలు సారు సంస్కృతికి ద్రోహం చేస్తున్నట్టే. అదీ ప్రభుత్వ సొమ్ముతో! ఇది చూస్తూ ఊరుకుంటామా?

అందుకే నా ప్రతిపాదన. పంపిణీకి ముందే ప్రతి పొట్టేలుకూ ప్రవర్తన పరీక్ష పెట్టాలి. మీసేవలో దరఖాస్తు. ఎడమ చెవి ట్యాగ్ కనబడేలా ఫొటోలు రెండు, మీద గెజిటెడ్ సంతకం. మండల ఆఫీసు ముందు షామియానా, కమిటీ చైర్మన్‌గా మా సారు, మెడలో శాలువా, ముందర నీళ్ల బాటిల్. ఐడహో పద్ధతిలోనే అటు రెండు గొర్రెలు, ఇటు రెండు పొట్టేళ్లు. నడుమ అభ్యర్థి.

మొదటి అభ్యర్థి అటు చూసింది, ఇటు చూసింది. రెండు పక్షాలనూ వదిలేసి నేరుగా వేదిక దగ్గరకు వచ్చి చైర్మన్ శాలువా నమలడం మొదలుపెట్టింది. దీన్ని ప్రొఫార్మాలో ఏ కాలమ్‌లో రాయాలో జూనియర్ అసిస్టెంట్‌కు తెలియలేదు. క్లారిఫికేషన్ కోసం ఫైలు జిల్లాకు పోయింది.

రెండోది పోయి ఇంకో పొట్టేలు పక్కన నిలబడి, దాని మెడ మీద తల ఆనించింది. సభలో కలకలం. "అది స్నేహం సార్" అన్నాడు పశువుల డాక్టర్, ఎటూ పోలేక. "ఎంతసేపు ఉంటే స్నేహం, ఎంతసేపు దాటితే కాదు?" అని చైర్మన్ నిలదీశాడు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టారు. నాలుగు నిమిషాలకు పొట్టేలు తల తీసింది. కమిటీ ఊపిరి పీల్చుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్క. ఈలోగా కాపరి చేతులు కట్టుకుని, "సారూ, పొద్దుగూకుతున్నది, మందను తోలుకపోవాలె" అన్నాడు. "నీ పొట్టేలు ఎవరిని చూసి నేర్చుకుందయ్యా?" అని ఆయన మీదే విచారణ మొదలైంది. నవ్వకండి. 2017లో కెన్యాలో రెండు మగ సింహాలు దగ్గరగా ఉన్న ఫొటోలు బయటికొస్తే, అక్కడి సినిమా సెన్సార్ బోర్డు పెద్ద, పార్కుకు వచ్చిన స్వలింగ జంటలను చూసి నేర్చుకుని ఉంటాయని, వాటికి కౌన్సెలింగ్ కావాలని నిజంగానే అన్నాడు. సింహాన్ని ఎదురుగా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఎవరిస్తారో మాత్రం చెప్పలేదు. మా సారును పంపడానికి మా కాలనీ సిద్ధంగా ఉంది, ఖర్చులతో సహా.

అన్నట్టు, ఈ గొర్రెల పథకం మీద కాగ్ ఆడిట్ కూడా జరిగింది. రికార్డుల ప్రకారం కొన్ని గొర్రెలు బైకుల మీద, అంబులెన్సుల్లో ప్రయాణం చేశాయి. గొర్రెలు అంబులెన్సెక్కడం ప్రకృతికి విరుద్ధమని సారుకు అనిపించలేదు. ఆ రోజు పేపర్ మడత కూడా పడలేదు.

సారును వదిలేసి, గొర్రెలు తెలిసిన మనిషిని అడిగాను. ఐనవోలు దారిలో మందను నీళ్లకు ఆపి, గొంగడి భుజాన వేసుకుని కూర్చున్న తాత. "తాతా, పొట్టేలు పొట్టేలు వెంటనే తిరగడం ఎప్పుడన్న చూసినవా?" అంటే నన్నొక వింత మనిషిని చూసినట్టు చూశాడు. "ఎందుకు చూడలే బిడ్డా. కొన్ని గట్లనే ఉంటయి. గొర్రె జోలికి పోవు. మా అయ్య కాలంల గూడ ఉండె." మరి ఏం చేస్తారంటే, "ఏం జేస్తం? మంద పెరగాలె గద, ఇంకో పొట్టేలును తెస్తం" అని, దూరంగా చేలో పడబోతున్న గొర్రె మీదికి ఒక కేక వేశాడు. మల్లన్నకు బోనం పెట్టే మనిషి. ఆయన సంస్కృతికేమీ ఢోకా రాలేదు.

ఈ సంగతంతా సారుకు చెప్పాను. పొట్టేళ్లు, మెదడు, 2004, తాత, అన్నీ. శ్రద్ధగా విన్నాడు. విని, "అయితే ఏంది? మనం జంతువులమా?" అన్నాడు.

చూశారా! నిన్నటిదాకా జంతువు మనకు గురువు. సాక్ష్యం తేడా కొట్టగానే అది ఒట్టి జంతువు. ఇదే నాటకం మన చట్టం కూడా ఆడింది. 1860లో తెల్లవాడు రాసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లో 'ప్రకృతి క్రమానికి విరుద్ధమైన' సంపర్కం నేరం అన్నాడు. ఏ ప్రకృతిని అడిగి రాశాడు? ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని పక్కన పెడితే, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ తెచ్చి నెత్తిన పెట్టింది. 2018 సెప్టెంబర్ 6న గానీ, ఇష్టపడి కలిసి ఉండే పెద్దవాళ్ల మీద నుంచి అది దిగలేదు. నూట యాభై ఏళ్లకు పైగా పోలీసు లాఠీకి, బ్లాక్‌మెయిల్ చేసేవాడికి ఆ ఒక్క మాట పనికొచ్చింది. ఇప్పటికీ 'గ్యారంటీ వైద్యం' అని గోడ మీద నంబరు రాసుకున్నవాడి దగ్గరికి కన్న కొడుకును రెక్క పట్టి ఈడ్చుకుపోయే తండ్రులున్నారు. ఇట్లా మార్చేస్తామని చేసే వైద్యం డాక్టర్లకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. గోడ మీది నంబరు గోడ మీదే ఉంది.

వైద్యం కుదరకపోతే సారు దగ్గర ఇంకో మందుంది. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటది." ఎవరికి సర్దుకుంటుంది సారూ? తాత తన మందలో గొర్రెల కోసం పొట్టేలును మారుస్తాడు, వాటికి ఆ పాటి న్యాయం ఉంది. మీరు కుదిర్చిన సంబంధంలో ఆ ఆడపిల్లకు ఏముంది? నర్సంపేట నుంచో పరకాల నుంచో కట్నమిచ్చి తోలిన పిల్ల, మొగుడు తనను ఎందుకు ముట్టుకోడో తెలియక, తప్పు తనదేననుకుని, అత్త సూటిపోటి మాటలు పడి, సంతానం కోసం డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటే, నోరు విప్పలేక ఆ పిల్లాడు ఇంకో గదిలో చస్తుంటే, రెండు బతుకులు కూల్చినందుకు మీకు శిక్ష ఏ సెక్షన్ కింద? సిగ్గుండాలి.

అట్లాంటి పెళ్లికి సారు పెద్దమనిషిగా పోతాడు. ముందు వరుసలో కూర్చుంటాడు, అక్షింతలు వేస్తాడు, మటన్‌లో ఉప్పు సరిపోయిందని మెచ్చుకుంటాడు.