మాస్కు పెట్టుకున్నవాళ్లనూ చూపించండి

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో జరిగింది ఇంకా ఎవరూ మరిచిపోలేదు. కరోనా రెండో వేవ్ ముమ్మరంగా ఉంది. ఆస్పత్రుల్లో బెడ్లు దొరకడం లేదు. ఆ ఊరి ఆనందయ్య కరోనాకు ఇస్తున్న నాటుమందు కబురు ముందు ఫోన్లలో తిరిగి, ఆ తర్వాత ఛానళ్లకెక్కింది. కంట్లో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో ఇంటింటికీ చేరింది. మే 21న వేలమంది ఆ ఒక్క ఊరి మీద పడ్డారు. భుజాలు రాసుకుంటున్న ఆ క్యూలో పాజిటివ్ వచ్చినవాళ్లూ ఉన్నారు, రానివాళ్లూ ఉన్నారు. పంపిణీ ఆపేయాల్సి వచ్చింది. ఆ పెద్దాయన కొద్ది రోజులకే ఆస్పత్రిలో కన్నుమూశారు.

క్యూలో నిలబడ్డవాళ్లను తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. ఇంట్లో మనిషి ఊపిరాడక అల్లాడుతుంటే ఎవరైనా పరుగెత్తుతారు. కానీ ఆ క్యూను లైవ్‌లో చూపించినవాళ్లు, అక్కడ నిలబడితే ఏం అంటుకుంటుందో ఎన్ని నిమిషాలు చెప్పారు?

పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూసే జనం నియమం పాటిస్తారు. 2020 మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు తెరిచిన రోజు తెరల నిండా ఆ క్యూలే. అదే రోజు గడప దాటని కోట్లమంది ఎక్కడా కనబడలేదు. నెలకు పైగా పిల్లల్ని ఇంట్లోనే ఆపుకొచ్చిన తల్లికి 'అందరూ తిరుగుతుంటే మనకే ఎందుకీ తిప్పలు' అనిపించిందంటే ఆమె తప్పేముంది?

భయపెట్టినా పని జరగదు. 2020 ఫిబ్రవరిలో, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్క కేసూ బయటపడకముందే, అప్పటి చిత్తూరు జిల్లా తొట్టంబేడు మండలంలో జ్వరం వచ్చిన ఒకాయన తనకు కరోనా సోకిందనుకుని ప్రాణం తీసుకున్నాడు. ఫోన్లో కరోనా వీడియోలే చూస్తూ కూర్చున్నాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. తర్వాత ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంచెలు లేచాయి. డాక్టర్లను, నర్సులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. వైద్య సిబ్బందిపై దాడి చేస్తే ఏడేళ్ల వరకు జైలు అంటూ ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. ఢిల్లీలోని తబ్లీగీ జమాత్ కేంద్రం మర్కజ్‌కు వచ్చిన విదేశీయులపై కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ ఆగస్టులో అంది. మీడియాలో సాగిన ప్రచారాన్నీ తప్పుపట్టింది. రోగిని దొంగలా చూపిస్తే దగ్గు వచ్చినవాడు టెస్టుకు రాడు, దాక్కుంటాడు.

సబ్బుతో చేతులు కడుక్కోమన్న మాటను మారుమూల పల్లెకు చేర్చింది కూడా ఈ టీవీలూ, పత్రికలూ, దగ్గుతో మొదలయ్యే ఆ కాలర్ ట్యూనే. అందుకే మీడియాను అడిగే హక్కు జనానికి ఉంది. గుంపును చూపిస్తే అది ఏ ఊరిదో, ఎప్పుడు తీసిందో తెర మీద ఉండాలి. మందు మాట వస్తే పక్కన డాక్టరు ఉండాలి. వార్త తప్పని తేలితే, అది వేసినంత పెద్దగానే సవరణ కూడా వేయాలి. వరుసలో దూరం పాటిస్తున్న రేషన్ షాపు కూడా వార్తే. 2021 ఏప్రిల్‌లో తిరుపతి, నాగార్జునసాగర్ ఉప ఎన్నికల సభలు వేవ్ పెరుగుతుండగానే జరిగాయి. అలాంటి సభల్లో జనం ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే రాస్తే చాలదు. మాస్కు లేకుండా వేదికెక్కిన నాయకుడు ఏ పార్టీవాడైనా ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయాలి.