మిద్దె మీద టమాటా తర్వాత, ముందు తోటకూర వేయండి

ఇంట్లో ఆర్గానిక్‌గా పండించుకుంటే కూరగాయల ఖర్చు మిగులుతుందని వీడియోల్లో తెగ చెప్తుంటారు కదా, నన్నడిగితే అది సగం అబద్ధం. మొదటేడు మా మిద్దె మీద గ్రో బ్యాగులు, కొబ్బరి పొట్టు, ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, ఎండాకాలానికి షేడ్ నెట్ అన్నీ కలిపి తొమ్మిది వేలు దాటింది, టమాటాలు చూస్తే నాలుగు కిలోలు, అవీ కోతులు తినగా మిగిలినవి. "బంగారం రేటు పడ్డాయిరా ఇవి, పప్పులో వేయనా బీరువాలో పెట్టనా" అంది మా అమ్మ.

అయినా మానలేదు, ఎందుకంటే అసలు లాభం ఆకుకూరల్లో ఉందని అర్థమైంది. సొరకాయో బీరకాయో అయితే చెక్కు తీసి వండుకుంటాం, ఆకుకూరకి ఆ చాన్స్ లేదు, పురుగుమందు పడేది ఆకు మీదే మనం తినేదీ ఆ ఆకే. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని లెక్క ఉంటుంది, కానీ తోటకూర జీవితమే నెల రోజులు, రేటు బాగున్న రోజు కోసేస్తారు గానీ ఆగేదెవరు? మోనోక్రోటోఫాస్ అనే విషపు పురుగుమందుని కూరగాయల మీద వాడొద్దని కేంద్రం ఎప్పుడో నిషేధించింది, సరే, పొలం దగ్గర నిలబడి చూసేదెవరు. హైదరాబాద్‌లో అయితే దీనికి తోడు మూసీ ఒడ్డున మురుగు నీళ్లతో పెరిగే ఆకుకూరల సంగతి అందరికీ తెలిసిందే. రైతుని తిట్టి లాభం లేదులెండి, ఆకుకి పురుగు కొరికిన చిల్లు ఒక్కటి కనపడితే కట్ట పక్కన పడేసేది మనమే.

అదే మిద్దె మీద వెడల్పాటి టబ్బులో తోటకూర విత్తనాలు చల్లితే నెలలోపే కోతకొస్తుంది, గోంగూర చిగుళ్లు తుంచేకొద్దీ మళ్లీ వేస్తుంది, బచ్చలికైతే విత్తనం కూడా అక్కర్లేదు, మార్కెట్లో తెచ్చిన కాడ మట్టిలో గుచ్చితే చాలు. పొయ్యి మీద పప్పు పెట్టి పైకెళ్లి కోసుకురావడమే. మొత్తం కూరగాయలు మిద్దె మీదే అనుకోకండి, జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 గైడ్‌లైన్స్ ప్రకారం మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు కావాలి, నలుగురుంటే కిలోన్నర పైనే, అంత రాదు. వారానికి రెండు మూడు సార్లు ఆకుకూర మాత్రం ఖాయం.

రెండో లాభం చెత్త. తొక్కలు, టీ పొడి, కుళ్లిన ఆకులు చిల్లులు పెట్టిన బకెట్లో వేసి పైన ఎండుటాకులు కప్పుకుంటూ పోతే రెండు మూడు నెలల్లో ఎరువు రెడీ. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని, ఇంకాస్త ఎండుటాకు వేయాలి. ఆర్గానిక్ అని స్టిక్కర్ వేసి అమ్మే సీసాల జోలికి నేను పోను. బదులుగా ఇంట్లోనే కలిపి పులియబెట్టుకునే ద్రవ ఎరువు జీవామృతం ఉంది, ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి అని లెక్క, మిద్దెకి అందులో పదో వంతు చాలు. ఒకటే జాగ్రత్త, మొక్క మొదట్లో పోయండి, కోయబోయే ఆకుల మీద మాత్రం చల్లొద్దు, పేడ నీళ్లు ఆర్గానిక్కే గానీ అందులోనూ క్రిములుంటాయి. కాడలకి తెల్లగా దూదిలా పట్టే పిండినల్లి పురుగుకి వేపనూనె లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం పూట కొట్టాలి, ఒక్కసారికి పోదు, విసుగు.

ఇక చాలామంది పట్టించుకోనిది బరువు. మనుషులు తిరిగే మిద్దెకి డిజైన్‌లో వేసుకునే బరువు చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. అడుగు లోతు తడిమట్టి అదే చదరపు మీటరుకి 450 కిలోల పైనే తూగుతుంది, మరి స్లాబు మధ్యలో ఇటుకలు కట్టి మడులు చేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇంజనీర్‌ని అడక్కుండా ఆ పని చేయొద్దు. మేం మట్టిలో సగం కొబ్బరి పొట్టు కలిపి, టబ్బులన్నీ కింది గోడల మీద, బీముల మీద వచ్చేలా పిట్టగోడ పక్కనే సర్దేశాం. మధ్యలో ఖాళీగా ఉన్న చోట అమ్మ వడియాలు పెడుతోంది, కోతులు ఇప్పుడు వాటికోసం వస్తున్నాయి.