మామగారి లూజ్ కాంటాక్ట్

మైకు సెట్టు నడిపిన చేతులు ఊరికే ఉండవు. మా మామగారు ఆ వ్యాపారం మానేసి ఏళ్లు గడిచినా, ఇప్పటికీ ఎక్కడైనా స్పీకరు కనబడితే ముందు దాని వెనక్కి వెళ్లి వైర్లు చూస్తారు. ఏ పెళ్లికి వెళ్లినా అక్షింతలు వేసేలోపే సౌండు కుర్రాణ్ణి పలకరించి, "హమ్మింగు వస్తోంది నాయనా, ఎర్తు చూసుకో" అని చెప్పి వస్తారు. తెనాలి చుట్టుపక్కల శ్రీరామనవమి పందిళ్లకీ, పెళ్లిళ్లకీ, నాటకాలకీ రెండు బూరలు, ఒక ఆంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు రిక్షాలో వేసుకుని తిరిగిన మనిషి ఆయన.

అలాంటాయన్ని ఆరు నెలల వీసా మీద లండన్ తీసుకొచ్చి, థార్న్‌టన్ హీత్‌లో మా హాల్లో కూర్చోబెట్టి "టీవీ చూడండి మావయ్యగారూ" అంటే చూస్తారా? వచ్చిన కొద్దిరోజులకే పెరట్లో కంచె దగ్గర చేరారు.

కంచె అవతల ఉండేది జమైకా పెద్దాయన. 1960లలో చిన్నపిల్లాడిగా అమ్మానాన్నల వెంట వచ్చి, ఇక్కడే బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. ఆయన షెడ్డులో గడ్డి కోసే మిషను ఉండాల్సిన చోట బీరువా సైజు స్పీకరు పెట్టెలు ఉంటాయి. 1970లలో ఆయన సొంతంగా సౌండ్ సిస్టమ్ నడిపారట. షెడ్డు తలుపు ఓరగా తెరిచి ఉండగా మా మామగారు చూడనే చూశారు. ఆ సాయంత్రం ఇంట్లోకి వస్తూనే, "అల్లుడుగారూ, ఈయన మన లైనేనండీ!" అన్నారు. పరాయి దేశంలో దూరపు చుట్టం దొరికితే కూడా అంత సంబరపడేవారు కాదు.

నిజమే, మన లైనే. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేటల్లో రేడియో కొనుక్కునే స్తోమత చాలామందికి లేదు, బ్యాండు పెట్టించుకునే స్తోమత అసలే లేదు. అందుకని ఒకాయన ఆంప్లిఫయరు, పెట్టెలు తెచ్చి వీధిలోనో ఖాళీ స్థలంలోనో నిలబెట్టి, రికార్డులు వేసి, పక్కనే బీరు అమ్ముకునేవాడు. లండన్ వచ్చాక నల్లవాళ్లని క్లబ్బుల్లోకి రానివ్వకపోతే ఆ పెట్టెలే ఇళ్ల బేస్‌మెంట్లలోకి చేరాయి. తెల్లవార్లూ పాటలు, మేక మాంసం కూర, గుమ్మం దగ్గర చిన్న ఎంట్రీ ఫీజు.

పెద్దాయన ఇంగ్లీషు మా మామగారికి సగం అర్థం కాదు. మామగారి ఇంగ్లీషు ఆయనకి పావు వంతు కూడా అర్థం కాదు. అయినా ఓమ్స్, వాట్స్, వాల్వు అనే మూడు మాటలతో ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. మిగతాది పెద్దాయన మేనల్లుడు విప్పి చెప్పేవాడు, నేను తెలుగులోకి దింపేవాణ్ణి. డ్యూక్ రీడ్ అనే మాజీ పోలీసు ఒకప్పుడు కింగ్‌స్టన్‌లో పెద్ద సౌండ్ సిస్టమ్ నడిపాడని, తుపాకులు తగిలించుకుని మరీ డాన్సుకి వచ్చేవాడని చెబితే మామగారు ఆలోచనలో పడ్డారు. "మాకు బూర కట్టడానికి కొబ్బరిచెట్టు దొరికితే చాలండీ. తుపాకీ దేనికి?" అన్నారు.

డ్యూక్ రీడ్‌కి పోటీదారు కాక్సన్ డాడ్. స్టూడియో వన్ అనే రికార్డింగు స్టూడియో పెట్టినాయన. తన దగ్గరున్న గొప్ప రికార్డు పేరు అవతలి వాడికి తెలియకూడదని లేబుల్ గోకేసేవాడు. ఈ ముక్క చెప్పగానే మామగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నేను పైన కాగితం అంటించేవాణ్ణి. గోకడం తట్టలేదు."

ఇంత స్నేహం కుదిరాక పెద్దాయన డెబ్బై అయిదో పుట్టినరోజుకి మమ్మల్ని పిలవకుండా ఎలా ఉంటారు? ఆగస్టు శనివారం. ఇరుగుపొరుగు అందరికీ ముందే చీటీలు వేశారు, సౌండు ఎక్కువగా ఉంటుంది, కోప్పడకండి, మీరూ వచ్చేయండి అని. మా అత్తగారు గిన్నెడు పులిహోర చేశారు. అది జెర్క్ చికెన్ పక్కన, కొబ్బరిపాలలో బీన్సు వేసి వండిన వాళ్ల అన్నం పక్కన దర్జాగా కూర్చుంది. పెరట్లో పెట్టెలు నిలబెట్టడం దగ్గర్నుంచి మామగారు అక్కడే. భుజాన తువ్వాలు, చేతిలో టెస్టరు. తెనాలి నుంచి టెస్టరు తెచ్చుకున్నారన్న సంగతి మా ఆవిడకి కూడా అప్పుడే తెలిసింది.

రికార్డులు వేసేది మేనల్లుడు. పార్టీ ఊపందుకునే సమయానికి ఐసు అయిపోయింది. "అంకుల్, అన్నీ వరసగా పెట్టాను, ఒకటి అవ్వగానే ఇంకోటి వెయ్యండి" అని చెప్పి కారు తీశాడు. మామగారు తువ్వాలు తలకి చుట్టారు.

మొదటి ఇబ్బంది చిల్లు. జమైకా రికార్డుల నడిమి చిల్లు రూపాయి బిళ్ల కంటే పెద్దది. మన చిన్న రికార్డులకి సన్న చిల్లే ఉండేది కాబట్టి, ఎవరో గరిటె కాడ దూర్చి వెడల్పు చేశారని మామగారికి అనుమానం. మధ్యలో పెట్టే ప్లాస్టిక్ బిళ్ల నేనే వెతికి ఇచ్చి, ధైర్యంగా భోజనాల వైపు వెళ్లాను.

'సిల్లీ గేమ్స్' మొదలైంది. జానెట్ కే పాడిన పాట, 1979లో బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లింది. దీన్ని లవర్స్ రాక్ అంటారు. జమైకావాళ్ల రెగే సంగీతంలో ఈ మెత్తని రకం పుట్టిందే లండన్‌లో. ఆ పాటలో ఒకచోట గొంతు ఆకాశానికి లేస్తుంది. పెరట్లో ఉన్న అరవై దాటిన ఆడవాళ్లందరూ కళ్లు మూసుకుని, గుండెల మీద చేయి వేసుకుని ఆ చోటు కోసమే కాచుకుని ఉన్నారు. రాగానే అందరూ ఒక్కసారి ఎగిరారు. ఒక్కరికీ అందలేదు. మామగారు స్పీకరు కూస్తోందనుకుని ట్రెబుల్ తగ్గించారు. రెండోసారి కూడా కూత వచ్చింది. మళ్లీ తగ్గించారు. మూడోసారికి తలెత్తి చూసి, కూస్తున్నది మిషను కాదని గ్రహించి, వినయంగా ట్రెబుల్ మొత్తం వెనక్కి ఇచ్చేశారు.

తర్వాతది సిస్టర్ నాన్సీ 1982 నాటి 'బామ్ బామ్'. ఇక్కడ మొదలైంది అసలు గొడవ.

మొదటి లైను పూర్తయిందో లేదో, నలుగురు మగవాళ్లు కంచెని దబదబా బాదారు. ఒకావిడ కూరగిన్నె మూత తీసుకుని గరిటెతో మోగించింది. ఎవరో గాలి హారన్ కొట్టారు. లైటర్లు పైకి లేచాయి. "పుల్ అప్! పుల్ అప్!" అని కేకలు.

మా మామగారికి ఇలాంటి చప్పుడుతో పాత అనుభవం ఒకటుంది. ఒక పెళ్లిలో, తలంబ్రాల సమయంలో, అసిస్టెంటు కుర్రాడు పొరపాటున విషాద గీతం వేశాడు. ఆడపెళ్లివారు ఇలాగే బల్లలు బాదారు, మగపెళ్లివారు బూర దించేశారు, కిరాయిలో సగం కోత పడింది. బల్ల మోగితే ముల్లు లేపాలన్నది ఆయనకి ఆనాడు ఒంటబట్టిన పాఠం. పైగా ఆయన ఇంగ్లీషు ప్రకారం పుల్ అంటే లాగెయ్యమనే కదా. చటుక్కున ముల్లు లేపేశారు.

పెరడు దద్దరిల్లింది. ఈలలు, కేకలు, కౌగిలింతలు.

"చూశారా" అన్నారట మామగారు పక్కనున్న అత్తగారితో, "తీసేశాక ప్రాణం లేచొచ్చింది పాపం అందరికీ."

డాన్స్‌హాల్, అంటే ఈ సౌండ్ సిస్టమ్ డాన్సులు జరిగే చోటు, దాని మర్యాద వేరే. పాట నచ్చితే జనం దాన్ని సాగనివ్వరు. గోడలు బాది ఆపించి, మళ్లీ మొదటి నుంచి వేయించుకుంటారు. ఎంత నచ్చితే అంత తక్కువ వింటారన్నమాట. మరీ అద్భుతమైన పాట ఒక్కోసారి పల్లవి కూడా దాటదు. ఈ సంగతి మేనల్లుడు నాకు చెప్పాడు కానీ, నేనప్పుడు రెండు చేతుల్లో రెండు ప్లేట్లతో, ఊగుతున్న నలభై మంది అవతల ఉన్నాను. దారి ఎవరిస్తారు?

మళ్లీ అదే పాట వేస్తే కొడతారన్న భయంతో మామగారు తర్వాతి రికార్డు అందుకున్నారు. టెనర్ సా పాడిన 'రింగ్ ది అలారమ్', 1985. ముల్లు పెట్టగానే ఆయన ముఖం మారిపోయింది. సంగీతం అదే. మేళం అదే. పాడేవాడు మాత్రం వేరు.

అది 1973లో ఆన్సెల్ కాలిన్స్ వాయించిన 'స్టాలాగ్ 17' అనే పాటలేని వాద్యసంగీతం. జమైకాలో ఇలాంటిదాన్ని రిడిమ్ అంటారు. నిర్మాత విన్‌స్టన్ రైలీ దాన్ని ఎందరికో పాడుకోవడానికి ఇచ్చాడు. మన భజన మండలివాళ్లు సినిమా వరస మీద దేవుడి మాటలు కట్టుకున్నంత ధీమాగా ఎవరి మాటలు వాళ్లు కట్టుకున్నారు. ఒకే రిడిమ్ మీది పాటలు వరసగా వేయడం రికార్డులు వేసేవాడి పనితనం, మేనల్లుడు పేర్చి వెళ్లింది అందుకే. మామగారికి తోచింది ఒకటే: "పెద్దాయన్ని షాపువాడు నిలువునా ముంచాడు. ఒకే పాట రెండు బిళ్లల మీద అమ్మాడు."

ఈ లోపల కంచె మళ్లీ మోగింది. ఈసారి మూతలు రెండు. పుట్టినరోజు పెద్దాయన స్వయంగా టోపీ తీసి నేలకేసి కొట్టారు. మామగారు ముల్లు లేపారు. ఇందాకటి కంటే పెద్ద హోరు.

"నాన్నా, దిగి వచ్చెయ్" అని మా ఆవిడ అరిచింది. ఆయన రాలేదు. పందిట్లో పాట ఆగిపోతే మైకు సెట్టువాడి పరువు పోతుంది. పెట్టె అడుగున చేయి పెట్టి, లేబుల్ లేని రికార్డు ఒకటి బయటికి లాగారు. రెండు వైపులా గోకేసి ఉంది. అంత శ్రద్ధగా దాచాడంటే ఇదే బంగారం అయి ఉంటుందని లెక్క. లెక్క సరైనదే. పాట ఏ వైపుందో మాత్రం గోకిన దేవుడికే తెలియాలి. ఒక వైపు పెట్టారు.

అది వెనక వైపు. జమైకా రికార్డుల వెనక వైపున తరచు అదే పాట, గొంతు తీసేసి ఉంటుంది. 1960ల చివర్లో జమైకాలోని స్పానిష్ టౌన్‌లో రడ్డీ రెడ్‌వుడ్ అనే సౌండ్ సిస్టమ్ ఆసామికి, స్టూడియోలో గొంతు కలపడం మరిచిపోయిన నమూనా డిస్కు ఒకటి వచ్చింది. ఆయన అలాగే వేస్తే జనమే పాడుకున్నారు. అక్కడి నుంచి అదో పద్ధతి అయింది. తర్వాత కింగ్ టబ్బీ దాన్ని డబ్ అనే కళగా మార్చాడు. గొంతు రెండు మాటలు పలికి ప్రతిధ్వనిలో కలిసిపోతుంది, బేసు మాయమై మళ్లీ వచ్చి గుండె మీద పడుతుంది. ఈ టబ్బీ కూడా మొదట రేడియోలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసుకున్న మనిషే.

గాయకుడు రెండు మాటలు పాడి మాయమయ్యాడు. మామగారు "వైరు!" అని ఒక్క కేక వేసి పెట్టెల వెనక్కి దూకారు.

తర్వాత జరిగింది నేను కంచె పక్కనుంచి చూస్తూనే ఉన్నాను, ప్లేట్లు చేతిలోనే ఉన్నాయి. ఆయన బేసు జాక్ పీకారు. పెరట్లో డ్రమ్ములు మాత్రం మిగిలాయి. జనం చేతులు గాల్లో ఆగిపోయాయి. ఆయన జాక్ తుడిచి, ఊది, మళ్లీ గుచ్చారు. బేసు దబ్బుమని పడింది. జనం వెర్రెత్తిపోయారు. గాయకుడు ఇంకా రాలేదు కాబట్టి ఆయన ఆంప్లిఫయరు నెత్తిన ఒకటి మొట్టి, మళ్లీ పీకి, మళ్లీ గుచ్చారు. మధ్యలో తల బయటికి పెట్టి, "లూజ్ కాంటాక్టండీ, ఒక్క నిమిషం" అని తెలుగులో సభకి మనవి చేసుకున్నారు. సభ చేతులెత్తి జోహారు పలికింది.

అప్పుడు పెద్దాయన వచ్చి మైకు అందుకున్నారు. ఆ గొంతులేని సంగీతం మీద లయలో మాటలు అల్లడం మొదలుపెట్టారు. యూ-రాయ్ అనే ఆయన 1970లో ఇదే విద్యతో జమైకా చార్టులు ఏలాడు. పెద్దాయన మైకు పట్టుకుని ఎన్నో ఏళ్లయిందని ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. మామగారు మాత్రం, "స్పీకరుకి ఎదురుగా నిలబడకండి, కూస్తుంది" అని ఆయన్ని భుజాలు పట్టుకుని పక్కకి తిప్పి నిలబెట్టారు. పాట ఆగలేదు.

ఐసు సంచులతో తిరిగొచ్చిన మేనల్లుడు గేటు దగ్గరే నిలబడిపోయాడు. "ఎవరు మిక్స్ చేస్తున్నారు?" అన్నాడు.

ఆ రాత్రి అతను వెయిన్ స్మిత్ 1985లో పాడిన 'అండర్ మీ స్లెంగ్ టెంగ్' వేసినప్పుడు మామగారు రెండు క్షణాలు విని, "ఇది కేసియో" అన్నారు. మేనల్లుడు నోరు తెరిచాడు. అది నిజంగానే కేసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే ఉన్న రాక్ తాళం. నిర్మాత కింగ్ జామీ దాన్ని నెమ్మది చేసి రికార్డు చేశాక డాన్స్‌హాల్ సంగీతం కంప్యూటర్ దారి పట్టింది, స్టూడియోల్లో వాయించేవాళ్లకి పని తగ్గింది. "మా దగ్గరా అంతేగా" అన్నారు మామగారు. "ఆ పెట్టె వచ్చాక ఆర్కెస్ట్రాలో తబలా ఆయన కిళ్లీ కొట్టు పెట్టుకున్నాడు." అప్పుడు మాత్రం ఎవరూ కంచె బాదలేదు.

ఇంటికొచ్చాక నచ్చితేనే ఆపమంటారని నేను ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. "మీరు మర్యాద కొద్దీ అంటున్నారు అల్లుడుగారూ. బల్ల బాదడం ఏ దేశంలోనైనా బల్ల బాదడమే."

మర్నాడు పొద్దున్నే పెద్దాయన కంచె దగ్గరికి వచ్చారు. వచ్చే నెల లూయిషమ్‌లో పాత సౌండ్ సిస్టమ్ వాళ్ల కూటమి ఉందట, ఆ తలపాగా ఆయన తప్పకుండా రావాలట. మామగారు కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"ఎంతిస్తారో కనుక్కోండి."

"విజిటర్ వీసా మీద డబ్బు తీసుకోకూడదు మావయ్యగారూ."

"అయితే రవాణా వాళ్లదేనని చెప్పండి. భోజనం మీ అత్తగారు కట్టిస్తుంది. ఇంకోటి, వైర్లన్నీ ముందే నాకు చూపించాలి. ఈసారి ఒక్క లూజ్ కాంటాక్టు కూడా ఉండటానికి వీల్లేదు."