కాటా తీసేసిన కొట్టు

పాలకొల్లులో మేము పన్నెండేళ్లుగా సరుకులు తెచ్చుకుంటున్న కొట్టు, గోదావరి జిల్లాల్లో శాఖలు పెరిగేకొద్దీ మమ్మల్ని మరిచిపోతోందన్న బాధతో ఇది రాస్తున్నాను. పప్పులు తూచి ఇచ్చే కాటాను తీసేశారు. మొన్న ఒక పెద్దావిడ "బాబూ, పావుకిలో మినప్పప్పు చాలు" అని అడిగితే, కుర్రాడు తల దించుకుని "ప్యాకెట్టే తీసుకోవాలండి" అన్నాడు. ఆవిడ చేతిలోని యాభై రూపాయల నోటును మళ్లీ కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది. ఆ ప్యాకెట్టు చూపుకు కిలోలాగే ఉంటుంది, తిప్పి చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో 900 గ్రాములని కనిపిస్తుంది.

2022 జులైలో 25 కిలోల వరకు ఉండే బియ్యం సంచులపై 5 శాతం జీఎస్టీ వేశాక 26 కిలోల సంచులు ఎందుకు వచ్చాయో మాకు తెలుసు, దాన్ని అర్థం చేసుకోగలం. కానీ పప్పు తగ్గించి ధర అలాగే ఉంచడం అన్యాయం. పక్కనున్న మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం బియ్యానికి ఇప్పుడు ఆ అరల్లో చోటే లేదు. ఫోన్ నంబరు చెప్పనిదే బిల్లు కూడా వేయరు. కాటా తిరిగి పెట్టించమని మేనేజరుగారికి రెండుసార్లు రాసిచ్చాను, "పైనుంచి ఆర్డరండి" అన్నారు. మా వీధిలో సగంమంది ఇప్పటికే పాత కిరాణా కొట్టుకు మళ్లిపోయారు.