మజ్జిగ పోసుకోకుండా లేచినవాడు

పాతకాలం కథల్లో మహిళా డిటెక్టివ్‌ని పెట్టి నవలలు రాసే రచయితలందరి మీదా వెంటనే ఒక విచారణ కమిషన్ వెయ్యాలని ఒక బెజవాడ పాఠకుడిగా డిమాండ్ చేస్తున్నాను. కథలో జరిగే హత్య గురించి నాకు పేచీ లేదు, దాన్ని హీరోయిన్ గారు చివరి అధ్యాయంలో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఎలాగూ తేల్చేస్తుంది. నా అభ్యంతరం మొదటి పేజీ మొదలవకముందే జరిగిపోయే చావుల గురించి. స్వతంత్ర భావాలున్న ఆడ డిటెక్టివ్ తయారవ్వాలంటే ముందు ఆవిడ చుట్టూ ఉన్న జనం ఖాళీ అవ్వాలి. నాన్న పోవాలి, కుదరకపోతే అమ్మ పోవాలి, మొగుడంటూ ఉంటే వాడు తప్పకుండా పోవాలి, ఆస్తి ఉన్నవాడెవడో ఒకడు పోయి తీరాలి. ఇన్ని చావులు జరిగినా ఒక్కదానికీ ఎఫ్ఐఆర్ లేదు.

ఆధారాలు లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు (మా వీధిలో ఈ అలవాటు లేనివాణ్ణి నేనొక్కణ్ణే). ఎలిజబెత్ పీటర్స్ 1975లో మొదలుపెట్టిన అమీలియా పీబాడీ సంగతి చూడండి. 1880ల నాటి ఇంగ్లండు, ముప్పై దాటినా పెళ్ళి కాలేదు, తండ్రి పోతూ పోతూ ఆరుగురు కొడుకుల్ని కాదని ఆస్తంతా కూతురి పేర రాశాడు, ఆవిడ గొడుగు చంకన పెట్టుకుని ఈజిప్టు వెళ్ళి సమాధుల మధ్య నేర పరిశోధన చేసింది. ఆరుగురు అన్నదమ్ములుండగా ఆడపిల్ల పేర మొత్తం రాసి పోయిన తండ్రి మా గుంటూరు జిల్లాలో ఉండుంటే, హత్య కోసం ఈజిప్టు దాకా వెళ్ళే శ్రమ ఉండేది కాదు. పెదకర్మ లోపే ఇంట్లోనే జరిగిపోయేది.

కెరీ గ్రీన్‌వుడ్ గారి ఫ్రైనీ ఫిషర్ ఇంకా ఘోరం. 1920ల మెల్‌బోర్న్, పుట్టింది కటిక పేదరికంలో. మరి ఆ కారు, ఆ విమానం నడపడం, ఆ పట్టు గౌన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయయ్యా అంటే, తండ్రికీ జమీందారీ హోదాకీ మధ్య అడ్డున్న వారసులందరూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారట! ఒక ఆడపిల్ల ఊళ్ళో ఒంటరిగా కారు తోలడానికి ప్రపంచ యుద్ధం జరగాల్సొచ్చింది. జాక్వెలిన్ విన్‌స్పియర్ గారి డిటెక్టివ్ మెయిసీ డాబ్స్‌కి మాత్రం తండ్రి బతికే ఉన్నాడు, పళ్ళూ కూరగాయలూ అమ్ముకునే మనిషి, ఈ పాయింటు కమిషన్ ముందు రచయిత్రికి కాస్త అనుకూలంగా నమోదు చేసుకోవచ్చు. తల్లి మాత్రం పోయింది.

మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కి ఈ బాధలేవీ లేవు. కేసు వచ్చిందా, అసిస్టెంట్ రాజుని వెంటేసుకుని బయల్దేరడమే. ఎవరితో వెళ్తున్నావ్, ఎన్నింటికొస్తావ్, అన్నం తిని వెళ్ళరాదూ అని అడిగే నాథుడు లేడు. అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని తెల్లవార్లూ చదివిన తరాల్లో ఒక్కరికైనా, యుగంధర్ వాళ్ళమ్మ ఏమంటుందో అన్న అనుమానం వచ్చిందా? డిటెక్టివ్ ఆడదయ్యేసరికి రచయితకి మొట్టమొదటి టెన్షన్ హంతకుడెవరని కాదు, ఈ పిల్ల గుమ్మం ఎలా దాటుతుందని. ఇంట్లోవాళ్ళని ఒప్పించడం కన్నా చంపెయ్యడం తేలిక కాబట్టి చంపేస్తున్నారు.

మన దగ్గర ఈ పద్ధతి పనిచెయ్యదు. తండ్రిని చంపితే పెదనాన్న వస్తాడు. పెదనాన్నని చంపితే మేనమామ. ఆయన్నీ పంపించేస్తే వేలువిడిచిన మేనమామ ఒకాయన గుడివాడ నుంచి బండి కట్టించుకుని దిగి, పిల్లకి సంబంధం తెచ్చానంటాడు. నవల నాలుగొందల పేజీలైనా బంధువులు మిగిలే ఉంటారు.

నిజానికి ఇలాంటి నవల కోసమే పుట్టిన ఊరు బెజవాడ. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడే కూర్చుంది, గాంధీ గారొచ్చారు, పింగళి వెంకయ్య గారు జెండా నమూనా ఆయన చేతికిచ్చిందీ అప్పుడే, ఊరంతా పైఊళ్ళ జనం, ఎవరింట్లో ఎవరు దిగారో ఆ ఇంటాయనకే సరిగ్గా తెలియని పరిస్థితి. అనుమానితులకి కరువా! హంతకుడు పారిపోవడానికి 1893 నాటి రైలు వంతెన ఉంది. శవం తేలడానికి ఆనకట్ట దగ్గర బయల్దేరే కాలవలున్నాయి, తెల్లారగట్ట బందరు కాలవ లాకు తలుపు దేనికో అడ్డుకుని తెరుచుకోలేదు అని మొదటి వాక్యం రాసి కూర్చుంటే రెండోది దానంతటదే వస్తుంది. డాక్టరమ్మ కూడా సిద్ధంగా ఉంది. 1883లో అమెరికా నుంచి వచ్చి 1898లో గుంటూరులో ఆస్పత్రి తెరిచిన అన్నా కుగ్లర్ గారు, 1921 నాటికి అక్కడే ఉన్నారు. గన్నేరు పప్పు తనే మింగిందా, ఎవరైనా నూరి తాగించారా అన్నది ఆవిడ చూసి చెప్తే చాలు.

అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. ఇక్కడ ఆ శని పేరు శకునం. మన హీరోయిన్ పొద్దున్నే చీర కొంగు దోపుకుని హత్య జరిగిన ఇంటికి బయల్దేరింది అనుకోండి. అరుగు మీంచి ఎవరో "ఎక్కడికమ్మా?" అంటారు. బయల్దేరేవాళ్ళని అలా అడక్కూడదు, పని చెడుతుందని ఊరందరికీ తెలుసు, అయినా అడక్కుండా ఉండలేరు. లోపలికెళ్ళి కూర్చుని మళ్ళీ బయల్దేరుతుంది. ఎవరో ఒంటి తుమ్ము తుమ్ముతారు. మళ్ళీ లోపలికి. ఈసారి పిల్లి. ఈవిడ ఆ ఇంటికి చేరేలోపు హంతకుడికి మనవలు పుట్టి బారసాల కూడా అయిపోతుంది.

అయితే ఒక్క క్షణం. హంతకుడు కూడా మనవాడే కదా.

వాడూ వర్జ్యంలో కత్తి పట్టడు. ఎంత పగ ఉన్నా రాహుకాలం వెళ్ళేదాకా ఆగుతాడు, కాబట్టి పంచాంగం ముందేసుకుంటే మరణ సమయం సగానికి సగం తేలిపోతుంది, ఈ సౌకర్యం లండన్ డిటెక్టివ్‌లకి లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాడు గుమ్మం దిగుతుంటే ఇంట్లోని వితంతువు ఎదురొచ్చిందనుకోండి, వెనక్కి తిరుగుతాడు, చెప్పులు విడుస్తాడు, మంచినీళ్ళు తాగుతాడు, ఆవిణ్ణి నాలుగు తిట్లు తిట్టి మరీ బయల్దేరతాడు. ఇప్పుడు చెప్పండి. ఆ ఇంట్లోంచి ఎవరు ఏ వేళకి వెళ్ళారో, ఎంత తొందరలో ఉన్నారో, కండువా కింద ఏం దాచుకున్నారో కచ్చితంగా తెలిసిన మనిషి ఎవరు?

కాబట్టి నా ప్రతిపాదన ఏంటంటే, 1921 బెజవాడ డిటెక్టివ్ పాతికేళ్ళ పట్టభద్రురాలు కానక్కర్లేదు. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో, ఆ తరవాత నలభై ఏళ్ళకి కూడా ఆ కబురు పూర్తిగా చేరని ఒక అగ్రహారం ఇంట్లో, వెనక వసారాలో ఒక పెద్దత్త ఉంటుంది. ఆవిడ అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, జనాభా లెక్కలవాళ్ళొచ్చినప్పుడు కాసేపు తడుముకున్నారు. డిటెక్టివ్‌కి కావాల్సిన శిక్షణంతా ఆచారమే ఇచ్చింది. చేతులకి గాజుల్లేవు, కాళ్ళకి పట్టీల్లేవు, వెనకాలే వచ్చినా చప్పుడవదు. శుభకార్యాలకి రానివ్వరు కాబట్టి అందరూ పందిట్లో ఉన్నప్పుడు ఇల్లంతా ఆవిడదే. మడి కట్టుకుంటే ఎవరూ ముట్టుకోరు, సోదా చెయ్యడం అసలే కుదరదు. ఇంత పకడ్బందీగా గూఢచారిని తయారు చేసిన సంఘం, ఆ తయారు చేసిన సంగతి తనకే తెలియకుండా బతికేసింది.

ఇదేదో నేను కల్పిస్తున్నానని అనుకోకండి. 1856లో చికాగోలో పింకర్టన్ ఏజెన్సీకి వెళ్ళి, గుమాస్తా పని కాదు, డిటెక్టివ్ పనే కావాలని పట్టుబట్టిన కేట్ వార్న్ కూడా వితంతువే. 1861లో లింకన్ మీద హత్యకి కుట్ర జరుగుతోందని తెలిసి, ఆయన్ని జబ్బుపడ్డ తమ్ముడని చెప్పి రాత్రి రైల్లో బాల్టిమోర్ దాటించింది. ఒక వితంతువు, ఒక రోగిష్టి తమ్ముడు, ఎవరు తేరిపార చూస్తారు? ఇటు మన దేశంలో కార్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాసొచ్చింది, ఆడవాళ్ళు వకీళ్ళు కావచ్చని చట్టం ఒప్పుకున్నది మాత్రం 1923లో. ఆ మధ్య కాలంలో ఆవిడ, మగ వకీలు మొహం చూడకూడని ఘోషా స్త్రీల ఇళ్ళల్లోకి వెళ్ళి వాళ్ళ ఆస్తి వ్యవహారాలు చూసింది. సుజాతా మాసీ నవలల్లో 1921 నాటి బొంబాయి వకీలు పర్వీన్ మిస్త్రీకి స్ఫూర్తినిచ్చినవాళ్ళలో ఈవిడ ఒకరు. అక్కడా కేసు ముగ్గురు వితంతువులదే, ఘోషాలో కూర్చుని ఆస్తి వదులుకుంటున్నామని సంతకాలు పెట్టినవాళ్ళది. పర్వీన్ తండ్రి బతికే ఉన్నాడు, కూతుర్ని తన ఆఫీసులోనే పనికి పెట్టుకున్నాడు. కమిషన్ ఈ ఒక్క రచయిత్రిని గౌరవంగా విడిచిపెట్టాలి.

ఇక మన కేసు. వన్‌టౌన్‌లో ఒక పాత లోగిలి. సభలకొచ్చిన అతిథులకి రాత్రి భోజనాలు పెట్టారు, తెల్లారేసరికి ఇంటి యజమాని మంచం మీద లేవలేదు. ఇన్‌స్పెక్టరు బూట్లతో వచ్చి వసారాలో కుర్చీ వేయించుకున్నాడు, వంటింట్లోకి రావద్దన్నారు, మడి. రాత్రి ఎంతమంది తిన్నారని అడిగితే మగవాళ్ళు పదకొండు మందన్నారు, ఆయన పదకొండని రాసుకున్నాడు. అదే వేళకి పెరట్లో పెద్దత్త ఎంగిలాకుల దగ్గర నించుంది, ఆవు ఇంకా రాలేదు. పన్నెండు విస్తళ్ళు. పదకొండింటి మీద మజ్జిగ ఎండి తెల్లటి చారలు కట్టింది, మెతుకులంటుకున్నాయి. పన్నెండో దాని మీద మామిడికాయ పప్పు పసుపుంది, పనసపొట్టు కూర ఆవాలున్నాయి, పులుసు మరక ఆకు ఈనె దాటి అంచుదాకా పాకింది. మజ్జిగ జాడ లేదు.

మజ్జిగ పోసుకోకుండా విస్తరి ముందు నుంచి లేచిన తెలుగువాడు ఎవడైనా ఒకటి రోగిష్టివాడై ఉండాలి, లేదా రైలు అందుకోవాల్సినవాడై ఉండాలి. ఇంట్లో రోగిష్టివాళ్ళు ఎవరూ లేరు. రాత్రి ఆ వేళకి మద్రాసు బండి ఉంది. ఇన్‌స్పెక్టరు వేలిముద్రలూ కాలిముద్రలూ వెతుకుతుంటే పెద్దత్త కేసు ముగించి తులసమ్మకి నీళ్ళు పోసుకుంటోంది. ఆయనకి చెప్పదు, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆవుని తోలుకెళ్ళే కుర్రాడితో ఏదో యథాలాపంగా అంటుంది, వాడు చావిట్లో అంటాడు, మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరుకి మహత్తరమైన ఆలోచన వస్తుంది. ఆయనకి రావు సాహెబ్ బిరుదు.

హత్యకి కారణం కూడా ఆవిడకి తెలుసు. వేలిముద్రలతో దొంగల్ని పట్టడానికి 1897లో కలకత్తాలో బ్యూరో పెట్టారు, ప్రపంచంలో అదే మొదటిది. అంతకి చాలా ముందే పెద్దత్త చేత ఒక కాగితం మీద నిశానీ వేయించుకున్నారు, నెలకింత మనోవర్తి, మిగతా భూమితో సంబంధం లేదని. ఆ కాగితంలో ఏముందో ఆవిడకి చదివి వినిపించలేదు. ఉమ్మడి కుటుంబంలో వితంతువుకి వాటా అడిగే హక్కు చట్టంలోకొచ్చింది 1937లో, మన కథ అప్పటికి పదహారేళ్ళ ముందుది. కాబట్టి యజమాని చావు వల్ల ఎవరికి లాభమో ఆవిడ ఇన్‌స్పెక్టరు కన్నా తీరిగ్గా, పాతికేళ్ళుగా లెక్కేస్తూనే ఉంది. అసలు ఆవిణ్ణే ఎందుకు అనుమానించకూడదని మీరు అడగొచ్చు. అడగండి, నవల అమ్ముడుపోవాలంటే పాఠకుడు అలా అడుగుతూనే ఉండాలి.

ఈ పద్ధతిలో ఇంకో లాభం, ఉపన్యాసాలు తగ్గుతాయి. చాలా నవలల్లో 1920 నాటి హీరోయిన్ ఇవాళ్టి టీవీ చర్చలో మాట్లాడినట్టు నా జీవితం నా ఇష్టం అంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు నోరెళ్ళబెడతారు. అప్పటివాళ్ళకి అంత డైలాగు అవసరం పడలేదు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూని ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి వదిలింది. స్త్రీ స్వాతంత్ర్యం మీద ఒక్క ముక్క మాట్లాడలేదు, టిక్కెట్టే అడిగింది. ఆ ముందేడాదే ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుంటూరులో శారదానికేతనం పెట్టారు, ఆడపిల్లలు చదువుకోవడానికి. తరవాతి కేసులకి పెద్దత్తకి అసిస్టెంటు కావాలంటే అక్కణ్ణుంచి ఒక గడుసు పిల్లని తెచ్చుకోవచ్చు, కాగితాలు చదివి పెట్టడానికి. వేలువిడిచిన మేనమామ సంబంధం తెచ్చేలోపు రెండు కేసులైనా పూర్తవుతాయి.

ఇంత చెప్పినా ప్రచురణకర్త ఒప్పుకోడని నాకు తెలుసు. ముసుగేసుకున్న ముసలావిడ బొమ్మ అట్ట మీద ఉంటే ఎవరు కొంటారండీ, అమ్మాయి ఉండాలి, చేతిలో రివాల్వర్ ఉండాలి, వెనక వంతెన మీద రైలు వెళ్తూ ఉండాలి అంటాడు. సరే, అమ్మాయినే వెయ్యండి. రివాల్వర్ కూడా ఇవ్వండి, పేలకపోయినా పర్లేదు. పెద్దత్తని వెనకాల వంటింటి గుమ్మం దగ్గర నించోబెట్టండి, కావాలంటే సగం గోడ చాటున. ఇక ఆవిడ ఫీజు సంగతి. పుస్తకాల పండగలో స్టాల్ దగ్గర పది శాతం తగ్గింపు ఇస్తారు కదా, నా కాపీ మీద అది తగ్గించొద్దు, ఆవిడ పేర జమ కట్టండి. పేరు గుర్తు లేదంటే ఖాళీగా వదిలెయ్యండి, నిశానీ వేస్తుంది, కాకపోతే ఈసారి కాగితం మొత్తం చదివి వినిపించాక.