ఎర్ర దారంతో కుట్టిన వేగం

మన దేశంలో కారుకు వేగం ఇంజను వల్ల రాదనీ, సీటుకు వేసిన ఎర్ర కుట్టు వల్ల వస్తుందనీ ఇప్పటికే నిర్ధారణ అయిపోయింది కనుక ఆ విషయంలో నేను కొత్తగా వాదించబోవడం లేదు. ఏ షోరూముకు వెళ్లినా ఈ సిద్ధాంతాన్ని నిరూపించి చూపిస్తారు. మామూలు హ్యాచ్‌బ్యాక్ ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాని పక్కనే అదే ఇంజను, అదే గేర్‌బాక్సు ఉన్న మరొకటి ఉంటుంది. ఈ రెండోదానికి సీట్ల అంచుల వెంట ఎర్ర దారం, పెడళ్ల మీద అల్యూమినియం తొడుగులు, గ్రిల్లు మీద రెండక్షరాల బిళ్ల, వెనక అద్దం పైన చిన్న రెక్క ఉంటాయి. ధర మాత్రం లక్షకు అటూ ఇటుగా పెరుగుతుంది. లక్ష రూపాయలకు ఎంత దారం వస్తుందో సిరిసిల్ల నేతన్నను అడిగి చూడండి. నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన మగ్గం ఆపేస్తాడు.

ఎవరి సీటు ఎలా కుట్టించుకుంటే నాకేమిటని ఊరుకునేవాణ్ణే. కానీ మా మేనల్లుడికి ఆటోక్రాస్ నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టింది. వాడు చాలా మర్యాదగా, చేతిలో నోటుపుస్తకంతో షోరూముకు వెళ్లి, ముందు చక్రాలతో నడిచే చురుకైన హ్యాచ్‌బ్యాక్ ఒకటి కావాలనీ, దానికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినప్పుడు పట్టున్న చక్రానికి శక్తిని పంపే భాగం) ఉందో లేదో చెప్పమనీ అడిగాడు. "యాక్సెసరీస్ లిస్టులో చూసి చెబుతాను సార్, ఈలోపు సన్‌రూఫ్ చూడండి" అన్నాడు అక్కడి కుర్రవాడు. సన్‌రూఫ్ తెరుచుకుంది, మూసుకుంది. మా వాడు పైకి చూశాడు. వాడి నోటుపుస్తకంలో ఆ రోజు పేజీలో "సన్‌రూఫ్: పనిచేస్తుంది" అన్న ఒక్క వాక్యమే ఉంది.

ఆటోక్రాస్ అంటే తెలియని పాఠకులెవరైనా ఉంటే, వారి కోసం క్లుప్తంగా చెబుతాను. విశాలమైన ఖాళీ స్థలంలో రబ్బరు కోన్లు పేర్చి ఒక దారి గీస్తారు. ఆ దారిలో ఒక్కొక్క కారే వెళుతుంది. పక్కన మరో కారు ఉండదు, పోటీ గడియారంతోనే. ఒక పరుగు సాధారణంగా నిమిషం చుట్టుపక్కల ముగుస్తుంది, రెండో గేరు దాటవలసిన అవసరం అరుదుగా వస్తుంది. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే సంస్థ దీన్ని పార్కింగ్ స్థలాల్లోనూ పాత విమానాశ్రయాల రన్‌వేల మీదా నిర్వహిస్తుంది. అక్కడ ఒక్కో కోన్ తగిలితే కాలానికి రెండు సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ పరుగే లెక్కలోకి రాదు. మన దేశంలో మోటారు క్రీడలను చూసే ఎఫ్ఎంఎస్‌సీఐ అనే జాతీయ సంస్థ గుర్తింపుతో జరిగే పోటీలున్నాయి, అవి చాలాసార్లు మట్టి మైదానాల్లో జరుగుతాయి. ఇందులో గెలవడానికి కావలసింది తేలికైన కారు, మంచి టైర్లు, ఓపిక. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఎర్ర రంగులో దొరకదు.

ముందు చక్రాల కారే ఎందుకని ఇంకొందరు అడుగుతారు. ఇంజను బరువంతా ముందు టైర్ల మీదే ఉంటుంది. కారును లాగవలసిందీ, తిప్పవలసిందీ ఆ రెండు టైర్లే. పెళ్లింట్లో ఒక్క మనిషే వంటా చేసి, బంతిలో వడ్డనా చేయవలసి వస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది: రెండూ ఒకేసారి చేయమంటే రెండూ చెడతాయి. మలుపు మధ్యలో కొత్తవాడు కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కుతాడు. అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా కారు ఆ మాట వినకుండా నేరుగా పోతుంది, టైర్లు మాత్రం కీచుమని గోల పెడతాయి. కాలు కాస్త సడలిస్తే బరువు ముందుకు వచ్చి, ముందు టైర్లకు పట్టు దొరికి, కారు ముక్కు లోపలికి తిరుగుతుంది. కాలు మరీ చటుక్కున తీసేస్తే వెనక భాగం కూడా తిరగబోతుంది. అది తర్వాతి పాఠం. తప్పు చేస్తే ప్రాణం తీయకుండా సమయం మాత్రమే తీసుకునే బండి ఇది. నేర్చుకునేవాడికి ఇంతకంటే ఓపికగల గురువు దొరకడు.

మరి ఇటువంటి కారు మన బజారులో లేదా అంటే, ఉండేది. కంపెనీలు తెచ్చాయి, మనం టెస్ట్ డ్రైవ్ చేసి, ఫోటో దిగి, ఎస్‌యూవీ కొన్నాం. 2015లో వచ్చిన అబార్త్ పుంటోకు 145 హార్స్ పవర్ ఉండేది. పది లక్షల ధరలో అంతటి కారు రావడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు, కొనడం మాత్రం మరచిపోయారు. 2017లో వచ్చిన బలెనో ఆర్ఎస్ 2020కల్లా వెళ్లిపోయింది. మూడు తలుపుల పోలో జీటీఐ 2016లో దాదాపు 26 లక్షలకు వచ్చింది. వెనక తలుపులు లేని కారుకు అంత డబ్బా అని మన మధ్యతరగతి గుండె పట్టుకుంది. మామూలు పోలో 2010 నుంచి 2022 దాకా ఇక్కడే ఉంది, ఆగిపోయిన మరునాడు దాన్ని పూజించని వాడు లేడు. బయటి దేశాల్లో 2017లో వచ్చిన స్విఫ్ట్ స్పోర్ట్‌కు 1.4 లీటర్ల టర్బో ఇంజను, 140 హార్స్ పవర్, టన్నుకు లోపు బరువు. స్విఫ్ట్‌ను ఇంటి దేవుడిలా చూసుకునే మన దేశానికి మాత్రం అది రానేలేదు. యూరప్‌లో అమ్మిన ఐ20 ఎన్‌కు 204 హార్స్ పవర్, మా మేనల్లుడు వెతుకుతున్న ఆ డిఫరెన్షియల్‌తో సహా ఉన్నాయి. మనకు వచ్చినది ఎన్ లైన్: 120 హార్స్ పవర్. సస్పెన్షన్ కాస్త గట్టిపరిచారు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు పెట్టారు, అది కాదనను. కాకపోతే ఆ రెంటినీ పట్టించుకుని కొన్నవాడిని నేను ఇంతవరకు చూడలేదు. చూసినవారంతా ఎర్ర గీతలనే చూశారు.

2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 120 హార్స్ పవర్, ఆరు గేర్ల మాన్యువల్, బానెట్ నుంచి కప్పు దాకా తెల్ల చారలు, అంతా బాగుంది. వీటితోపాటు చల్లగాలి వీచే సీట్లు, సన్‌రూఫ్ కూడా ఉన్నాయి. పోటీలో నిమిషంపాటు జరిగే పరుగులో వెన్ను చెమట పట్టకూడదన్న ముందుచూపు ఏ దేశపు రేసింగ్ చరిత్రలోనూ కనబడదు. ఇక 2025లో సుమారు 53 లక్షలకు దిగుమతి అయిన గోల్ఫ్ జీటీఐ నిజంగా గొప్ప కారు. అంత ధర పెట్టినవాడు కోన్ల మధ్యకు తీసుకెళతాడా? రబ్బరు కోన్ బంపరుకు తగిలి గీత పడితే, వాడు కోన్ మీద పోలీసు కేసు పెడతాడు.

ఇటువంటి 'రేసింగు' కారు డెలివరీ తీసుకునే ఘట్టం చూసే భాగ్యం మీకు కలిగిందో లేదో. షోరూములో కారు మీద మెరుపు గుడ్డ కప్పి ఉంటుంది. చుట్టూ కుటుంబం మొత్తం పట్టు బట్టలతో నిలబడి ఉంటుంది. యజమాని మాత్రం చేతులకు వేళ్లు లేని తోలు గ్లౌజులు వేసుకుని వస్తాడు. గుడ్డ తొలగిస్తారు, చప్పట్లు కొడతారు, అట్టముక్కతో చేసిన మనిషంత తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీస్తారు. తరువాత పంతులుగారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. "సార్, స్పోర్ట్ మోడ్ పెట్టండి" అని సేల్స్ కుర్రవాడు కిటికీలోంచి చెబుతాడు. "నెమ్మదిగా నాన్నా" అని తల్లి అంటుంది. ఇంజను గర్జిస్తుంది, కారు అంగుళం కదులుతుంది. ఎడమ ముందు చక్రం కింది నిమ్మకాయ నలగకుండా జారి, పక్కనున్న కారు కిందికి దొర్లిపోతుంది. పంతులుగారు చేయెత్తి ఆపేస్తారు, ఇది శుభం కాదంటారు. ఒక బావమరిది నేల మీద పడుకుని నిమ్మకాయను వెతికి తెస్తాడు. కారు వెనక్కి వస్తుంది. ఈసారి వెనక చక్రం నిమ్మకాయను తప్పించుకుంటుంది. ఎస్‌సీసీఏ నియమాల ప్రకారం ఇది ఏ తప్పు కిందికి వస్తుందో నిర్ణయించడానికి అక్కడ ఎవరూ లేరు. మూడో ప్రయత్నంలో నాలుగు కాయలూ నలుగుతాయి, కొబ్బరికాయ పగులుతుంది, కేకు కోస్తారు. ఆ కారు తన జీవితంలో ఒక చిన్న వస్తువును గురి చూసి నడవవలసి రావడం అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా.

ఈ ఘట్టంలో అసలు రత్నం ఇంకొకటి ఉంది. సీట్లకు ఫ్యాక్టరీ తొడిగిన ప్లాస్టిక్ కవరు తీయరు, మూడేళ్ల దాకా తీయరు. దాని మీద మళ్లీ బయట పదిహేను వేలు పెట్టి తోలులాంటి సీటు కవర్లు కుట్టిస్తారు. లక్ష పెట్టి కొన్న ఎర్ర దారం ప్లాస్టిక్ కిందా, కవరు కిందా, తాతగారి కోసం వేసిన తువ్వాలు కిందా శాశ్వతంగా సమాధి అవుతుంది. యజమానికి ఎర్ర దారం ఉందన్న జ్ఞానం చాలు, దర్శనం అక్కరలేదు.

మరి ఈ కారు ఎక్కడ పరుగెడుతుంది? రాత్రి పన్నెండు దాటాక హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద. 158 కిలోమీటర్ల రోడ్డు, కార్లకు అనుమతించిన గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. అది కనీస వేగమని వీళ్లు చదువుకున్నారు. పక్క సీటులో కూర్చున్న స్నేహితుడు స్పీడోమీటరును వీడియో తీస్తాడు, వెనక పాట మోగుతుంది, కింద వందలమంది మంట బొమ్మలు పెడతారు. 2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో పదింట ఏడు మరణాలు అతివేగం ఖాతాలోనివే. వీళ్లను రేసర్లని పిలవకండి, దయచేసి. నలభై కిలోమీటర్ల వేగంలో రెండు కోన్ల మధ్య నుంచి కారును తప్పు లేకుండా తిప్పమంటే చేతకాని వాళ్లు వీళ్లు. తిన్నని రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కి పట్టడానికి ఏ విద్యా అవసరం లేదు, ఇటుకరాయి కూడా ఆ పని చేస్తుంది. తెల్లవారుజామున మెరిసే జాకెట్ వేసుకుని రోడ్డు ఊడ్చే మనిషి కోన్ కాదు. కోన్ పడితే రెండు సెకన్లు. ఆమె పడితే ఎన్ని సెకన్లు కలుపుతారు? మరునాడు కొడుకు మంచివాడేనని చెప్పడానికి టీవీ ముందు నిలబడే తండ్రికి, ఆ కారు కొనిచ్చిన రోజున ఎక్కడ నడుపుతావురా అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు.

2023 ఫిబ్రవరిలో ఇదే నగరం హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లు మూసి, కంచెలు కట్టి ఫార్ములా-ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసింది; మరుసటి ఏడు ఆ రేసు రద్దయింది. చూడటానికి అంత ఏర్పాటు చేయగలిగిన వాళ్లం, ఆదివారం పొద్దున ఖాళీగా పడి ఉండే పెద్ద పార్కింగ్ స్థలాలను కొత్త కుర్రవాళ్లకు కోన్లతో సహా ఇవ్వాలని ఎందుకు అనుకోము? సభలకూ ఎగ్జిబిషన్లకూ దొరికే మైదానం దీనికి దొరకదా? రేసు ట్రాకులున్న తమిళనాడులోని ఇరుంగాట్టుకోట్టైకో కోయంబత్తూరుకో వెళ్లి రాగల తీరిక, డబ్బు అందరికీ ఉండవు. ఔటర్ రింగ్ రోడ్డు అందరికీ ఉంది.

సరే, మేనల్లుడికి నేను చెప్పింది ఇది. 2018లో వచ్చిన తరానికి చెందిన పాత పెట్రోలు స్విఫ్ట్ ఒకటి వెతుకు. నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజను, మాన్యువల్ గేర్లు, బరువు 900 కిలోల లోపే. 2024లో వచ్చిన కొత్తదానికి మూడు సిలిండర్లే, నేర్చుకునేవాడికి అది కూడా తక్కువేమీ కాదు, కానీ కొత్త కారు బంపరు మీద నీకు జాలి కలుగుతుంది. జాలి ఉన్నవాడు కోన్ దగ్గరగా పోనివ్వడు. బాగా చూసుకున్న, టర్బో పెట్రోలు ఇంజనున్న పోలో టీఎస్ఐ దొరికితే అదీ మంచిదే, బండి గట్టిగా ఉంటుంది. విడిభాగాల బిల్లు కూడా అంతే గట్టిగా ఉంటుంది. స్విఫ్ట్‌కు ఏ మండలంలోనైనా మెకానిక్ ఉంటాడు. కొనేముందు ముందు టైర్ల లోపలి అంచు చేత్తో తడిమి చూడు, ఒకవైపే అరిగి ఉంటే కింద ఏదో వంగిందని అర్థం. మిగిలిన డబ్బుతో పట్టు ఉన్న టైర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు, నిజమైన హెల్మెట్ కొను. టైరు భుజం మీద, అంటే నేలను తాకే భాగం పక్కకు ఒంగే అంచు మీద, సుద్దముక్కతో నిలువు గీతలు గీసి ఒక పరుగు వెళ్లి రా. సుద్ద ఎంతవరకు చెరిగిందో చూస్తే గాలి ఎక్కువైందో తక్కువైందో తెలుస్తుంది. ఆ పరిజ్ఞానానికి సుద్దముక్క ఖర్చే. పరుగుకు ముందు కోన్ల దారంతా కాలినడకన తిరుగు. అన్నిటికంటే ముందు డిక్కీలో ఉన్న సామానంతా దించెయ్యి, స్టెప్నీతో సహా. ప్రతి కిలో లెక్కే.

వాడు అంతా రాసుకుని ఇంటికి వెళ్లాడు. ఇంట్లో సభ తీరింది. సంబంధాలు చూస్తున్న సమయంలో సెకండ్ హ్యాండ్ కారేమిటి, పరువేం కావాలని మా బావగారు అన్నారు. మైలేజీ ఎంతిస్తుందని వాళ్ల తాతగారు అడిగారు. నిమిషం పరుగుకు మైలేజీ ఏమిటి తాతయ్యా అన్నాడట మా వాడు, ఆ జవాబు ఎవరికీ వినబడలేదు. రెండు వారాల చర్చ తరువాత అందరికీ ఆమోదయోగ్యమైన పరిష్కారం దొరికింది. నిన్న సాయంత్రం వాడు ఫోన్ చేశాడు: "మావయ్యా, నువ్వు చెప్పిన స్విఫ్టే తీసుకున్నాం. కాకపోతే కొత్తది, సీఎన్‌జీ." దాని డిక్కీ నిండా సిలిండరే ఉంటుంది. దాన్ని దించడానికి ఏ సైజు స్పానరు కావాలో చెప్పమంటున్నాడు.